మీట పేరు – పని ముడి

కంప్యూటరు తెరపై మీటను నొక్కగానే లెక్క తేలుట మన మెరిగినదే. కాని మీటను గీసినంత మాత్రమున పని జరుగదు. తెర రూపమొకచోట, పనిచేయు ఆజ్ఞలు మరొకచోట నుండును. ఆ రెంటికిని ముడి పడవలెను.

మడకశిరలో వేరుసెనగ కొను వర్తకునికై బిల్లు ప్రోగ్రామును తయారుచేయుచున్నామనుకొందము. బరువునకు, ధరకు రెండు గళ్లు. క్రింద ‘లెక్కకట్టు’ అను మీట. 1991లో మైక్రోసాఫ్టు వెలువరించిన విజువల్ బేసిక్‌లో మీటను తెరపై నుంచి, దానిపై రెండుమార్లు నొక్కినచో, ఆజ్ఞలు వ్రాయు చోటు తెరచుకొనును. మీట లోపలి పేరు ‘కమాండ్1’ అయినచో ఆ భాగము పేరు ‘కమాండ్1_క్లిక్’. ప్రోగ్రాము ఊరక కాచుకొనియుండును. వర్తకుడు మీట నొక్కగానే ఆ పేరు గల భాగమునకు పిలుపు అందును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. మీటకు పైకి కనబడు పేరు వేరు, లోపలి పేరు వేరు. మడకశిర కన్నడసీమ సరిహద్దున నున్నది గదా, పైపేరును కన్నడమునకు మార్చినను ముడి చెడదు. ఆజ్ఞలు వ్రాసిన పిమ్మట లోపలి పేరు మార్చితిమా, పాత విజువల్ బేసిక్‌లో ముడి తెగును. ఆజ్ఞలు చెక్కుచెదరవు, తప్పని హెచ్చరికయు రాదు, పిలుచువారే యుండరు. మీట నొక్కినను బిల్లు రాదు, మూటలు దించిన రైతు నిలుచుండవలసినదే.

నార్వేలో పుట్టిన క్యూటీ అను సాధనములో ముడిని పేరు పోలికకు విడువక, ఈ మీట నొక్కుడు ఆ పనికి చేరవలెనని విడిగా వ్రాయవచ్చును. 2012లో వచ్చిన దాని అయిదవ రూపము నుండి, ఇట్లు వ్రాసిన ముడిలో లేని పేరు దొరలినచో ప్రోగ్రాము సిద్ధమగుటకు ముందే తెలియును. రెండు పంక్తులు ఎక్కువ వ్రాయవలసివచ్చినను మాకీ పద్ధతియే నచ్చినది.