కళ్లెం తెగిన నాడులు: ధనుర్వాతం వెనుక ఉన్న శాస్త్రం

నాచారం పారిశ్రామికవాడలో యంత్రాల నడుమ శ్రమించే వారికీ, ఉప్పల్ వీధుల్లో ఆడుకునే పిల్లలకూ చిన్న చిన్న గాయాలు తగులుతూనే ఉంటాయి. గాయం కనిపించగానే “టీటీ సూది వేయించుకున్నావా?” అని ఇంట్లోని పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్న ఎంత విలువైనదో గ్రహించాలంటే మన నాడులు పనిచేసే తీరును కొంత తెలుసుకోవాలి.

చాలా చోట్ల ఒక నాడీకణానికీ మరొక కణానికీ నడుమ అతి సన్నని ఎడం ఉంటుంది. ఆ ఎడం మీదుగా కబురు చేరవేసేది ఒక రసాయనం. నాడీకణం చివర ఆ రసాయనాన్ని దాచుకున్న సూక్ష్మమైన తిత్తులు ఉంటాయి. ఒక్కొక్క దాని అడ్డుకొలత సుమారు 40 నానోమీటర్లు; ఒక మిల్లీమీటరు పొడవున 25 వేల తిత్తులను వరుసగా పేర్చవచ్చు.

కబురు పంపడానికి ముందే తిత్తి సిద్ధమై ఉండాలి. మొదట అది తనలోకి రసాయనాన్ని నింపుకుంటుంది. పిమ్మట కణపు అంచుకు చేరుతుంది. అక్కడ తిత్తి మీది సినాప్టోబ్రెవిన్ అనే ప్రొటీను, అంచున ఉన్న సింటాక్సిన్, స్నాప్-25 అనే ప్రొటీన్లతో తాడు పేనినట్లు పెనవేసుకుంటుంది. ఇక కాల్షియం ప్రవేశించడమే తరువాయి. సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ కాలంలోనే తిత్తి తెరుచుకుంటుంది. ఫజ్ర్ అజాన్ విని మనం లేచి కూర్చునే లోపే ఈ పని లెక్కలేనన్ని సార్లు జరిగిపోతుంది. కణంలో తిత్తుల రవాణా రహస్యాన్ని వెలికితీసిన రాత్‌మన్, షెక్‌మన్, సుడాఫ్‌లకు 2013లో నోబెల్ బహుమతి లభించింది. కణజీవశాస్త్ర పరిశోధనకు పేరొందిన సీసీఎంబీ మన ఉప్పల్ రోడ్డులోనే ఉన్నది.

ధనుర్వాత క్రిమి బీజాలు మట్టిలో, పేడలో, దుమ్ములో ఉంటాయి. తుప్పు దానంతట అది ఈ వ్యాధిని కలిగించదు. గాయంలో క్రిమి పెరిగి విషాన్ని విడుస్తుంది. ఆ విషం నాడి వెంట పైకి ప్రాకి వెన్నుపాములోకి చేరి, కండరాలను అదుపులో ఉంచే నాడీకణాల్లో సినాప్టోబ్రెవిన్‌ను తెగగొడుతుంది. తిత్తులు నిండుగానే ఉన్నా తెరుచుకోలేవు. ‘ఇక ఆగు’ అనే కబురు కండరానికి అందదు. దవడలు బిగుసుకుంటాయి, వెన్ను విల్లులా వంగుతుంది. ధనుర్వాతమనే పేరు అందుకే వచ్చింది. ఒకసారి నాడిలోకి ప్రవేశించిన విషాన్ని ఏ మందూ వెనక్కు రప్పించలేదు. కనుక ముందే టీకా వేయించుకోవడమే సరైన రక్షణ.

నవజాత శిశువులకు బొడ్డుకోత ద్వారా సోకే ధనుర్వాతాన్ని భారతదేశం అదుపులోకి తెచ్చిందని 2015లో నిర్ధారణ అయింది. ఆ రక్షణ నిలవాలంటే గర్భిణులు వైద్యుల సలహాపై టీడీ టీకా తప్పక వేయించుకోవాలి. పిల్లలకు 10, 16 ఏళ్ల వయసులో వేసే మోతాదులను మరువరాదు. గాయం తగిలితే సబ్బుతో, ధారాళమైన నీటితో కడిగి వైద్యుణ్ణి సంప్రదించాలి. ఒకసారి ధనుర్వాతం వచ్చి నయమైన వారికీ టీకా అవసరమే. ఆ వ్యాధి వల్ల రక్షణ కలగదు. ఇంట్లోని టీకా కార్డులను ఈ రోజే తీసి చూద్దాం.