కదిలే ఇల్లు: పికప్ వాహనంలో కుటుంబ ప్రయాణం

ప్రయాణం అనగానే ఇంటి యజమానికి దారి ఖర్చులు గుర్తుకొస్తాయి. పిల్లలకు కిటికీ పక్క సీటు గుర్తుకొస్తుంది. ఇల్లాలి ఆలోచన మాత్రం వేరుగా ఉంటుంది. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటుందా? వుజూకు చాటైన చోటు దొరుకుతుందా? ముసలి అత్తగారు కాసేపు నడుము వాల్చడానికి వీలుంటుందా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియకనే మన ఇళ్లలో ఎందరో స్త్రీలు ప్రయాణం రోజు ఉదయం నుంచే మంచినీళ్లు తాగడం తగ్గించుకొంటారు. మరికొందరు “మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటాను” అని తప్పుకొంటారు.

పికప్ వాహనం వెనుక తొట్టిలో పడక, పొయ్యి, నీళ్లు అమర్చుకొని ప్రయాణించే పద్ధతిపై ఇటీవల మన యువకుల్లో ఆసక్తి పెరుగుతోంది. దీనిని కేవలం విలాసంగా చూడనక్కరలేదు. సక్రమంగా అమర్చుకుంటే, ఇంట్లో మిగిలిపోయే స్త్రీలను, వృద్ధులను వెంట తీసుకువెళ్లే సాధనమవుతుంది. అయితే ఒక్క షరతు ఉంది. ఆ తొట్టి బండి ఆగినప్పుడు మాత్రమే ఇల్లు. బండి కదులుతున్నంతసేపూ అది సామాను పెట్టె. ఈ భేదాన్ని మరచిన కుటుంబానికి ఆ బండి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఎడ్లబండి నుంచి ఇంజను దాకా

కదిలే ఇల్లు మన చరిత్రకు కొత్త కాదు. 1325లో టాంజియర్ నగరం నుంచి బయలుదేరిన ఇబ్నె బతూతా, నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల్లో తాను చూసిన బండ్లను తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. నాలుగు పెద్ద చక్రాలు, పైన తేలికైన కర్రలతో కట్టిన గుడారం, దానికి జాలీ కిటికీలు. లోపలివారు బయటి జనాన్ని చూడగలరు, బయటివారికి లోపలివారు కనిపించరు. అందులోనే నిద్రపోవచ్చు, భుజించవచ్చు, చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. ఆ వర్ణనలోని పరదా, సౌకర్యం రెండూ నేటి ముస్లిం కుటుంబం కోరుకొనేవే.

హైదరాబాదులోని కార్వాన్ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది కూడా బిడారులు అక్కడ విడిది చేసినందువల్లనే. గోల్కొండ కాలపు వర్తకుల రాకపోకలకు సాక్షిగా, 1671లో నిర్మించిన టోలీ మసీదు నేటికీ అక్కడ నిలిచి ఉంది. ఆ ఫార్సీ పదమే ఐరోపాకు వెళ్లి ‘కారవాన్’గా మారింది. దానిని కుదించగా ‘వ్యాన్’ వచ్చింది. మన ఓరుగల్లు పల్లెల్లో పెళ్లిళ్లకు, జాతరలకు గూడుబండి కట్టుకొని వెళ్లిన తరం వారు ఇంకా మన మధ్య ఉన్నారు.

పికప్ వెనుక చిన్న గదిని ఎక్కించుకొనే పద్ధతి అమెరికాలో గత శతాబ్దం మధ్య భాగంలో బాగా వ్యాపించింది. 1960లో రచయిత జాన్ స్టైన్‌బెక్ అటువంటి బండిలోనే తన దేశమంతా చుట్టివచ్చాడు.

అయితే ఒక తేడాను గమనించాలి. ఇబ్నె బతూతా చూసిన బండ్లను గుర్రాలు, ఎద్దులు, ఒంటెలు లాగేవి. మనిషి నడకకు కొంచెం హెచ్చు వేగంలో సాగే బండిలో పడుకొన్నా ప్రమాదం స్వల్పం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనంలో, సీటూ బెల్టూ లేని తొట్టిలో మనిషి కూర్చుంటే, గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో అతడు గాలిలోకి లేచిపోతాడు. ఎద్దుల వేగానికి చెల్లిన పని ఇంజను వేగానికి చెల్లదు.

చట్టం ఏమంటుంది?

పెళ్లికో, పరామర్శకో వెళ్లేటప్పుడు సరకు బండి వెనుక పిల్లాపాపలను ఎక్కించడం మన ప్రాంతంలో తరచూ కనిపించే దృశ్యం. ఇది చట్టవిరుద్ధం. అంతకు మించిన మరో విషయం చాలామందికి తెలియదు. సరకు వాహనంలో ఉచితంగా ప్రయాణించేవారికి ప్రమాదం జరిగితే, పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థపై ఉండదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సరకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రమే చట్టంలో మినహాయింపు ఉంది. కాబట్టి అటువంటి ప్రమాదంలో కుటుంబం మనిషిని కోల్పోవడమే గాక, ఆ పైన అందవలసిన ఆసరాను కూడా కోల్పోవచ్చు.

రెండవది, వాహన రూపాన్ని మార్చే విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణ తరువాత, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. శాశ్వతంగా నివాస వాహనం చేయించదలచినవారికి ‘మోటారు కారవాన్’ అనే ప్రత్యేక వర్గం ఉంది. దానికి ఏ.ఐ.ఎస్.-124 అనే ప్రమాణం వర్తిస్తుంది.

సాధారణ కుటుంబానికి ఇంతకంటే సులభమైన మార్గం ఒకటుంది. ముందు భాగంలో ఐదుగురికి సీట్లు, వెనుక తెరిచిన తొట్టి ఉండే పికప్‌ను ఎంచుకోవాలి. శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారంలో తయారయ్యే వి-క్రాస్ ఇటువంటిదే. టొయోటా హైలక్స్ మరొకటి. ప్రయాణంలో అందరూ ముందు సీట్లలో బెల్టు పెట్టుకొని కూర్చుంటారు. వెనుక తొట్టిలో వెల్డింగు లేకుండా, రంధ్రాలు చేయకుండా, సరకులాగా ఎక్కించి దించుకోగల అమరిక మాత్రమే ఉంటుంది. వాహనం ఏ వర్గంలో నమోదవుతుంది, పైకప్పు అమర్చవచ్చునా అనే సంగతులను కొనడానికి ముందే రవాణా కార్యాలయంలో తెలుసుకోవాలి.

మొదట బరువు లెక్క

షెడ్డుకు వెళ్లి పని మొదలుపెట్టక ముందు రిజిస్ట్రేషన్ పత్రం తెరవండి. అందులో ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు ఉంటాయి. ఆ రెండింటి తేడాయే బండి మోయగల బరువు. మనుషులు కూడా ఆ తేడాలోనే ఇమడాలి.

భార్యాభర్తలు, ఒక వృద్ధురాలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ముగ్గురు పెద్దలు 195 కిలోలు, పిల్లలు 50 కిలోలు అనుకుందాం. పైకప్పు 60, ప్లైవుడ్ పడక, పెట్టెలు 60, నీళ్లు 60, బ్యాటరీ, సౌరఫలకం 40, పొయ్యి, గ్యాసు 20, పరుపులు, పాత్రలు, బట్టలు, సరుకులు 80, డేరా తదితరాలు 15. మొత్తం 580 కిలోలు. ఇది అనవసరమైనదేదీ లేని లెక్క. దీనికి మంచం, ఫ్రిజ్, కుర్చీలు చేరిస్తే ఎక్కడికి పోతుందో ఊహించవచ్చు.

బయలుదేరే ముందు అన్నీ నింపి, అందరినీ కూర్చోబెట్టి, ఎనుమాముల మార్కెట్ పరిసరాల్లోని ఏదో ఒక వేబ్రిడ్జిపై బండిని తూయించండి. పరిమితి దాటితే సామాను దించాలి. బరువైన నీళ్ల క్యాన్లు, బ్యాటరీ కింద, వెనుక ఇరుసుకు ముందు వైపున ఉండాలి. బరువు పైన పెరిగిన బండి మలుపుల్లో ఊగుతుంది.

ఐదుగురి సీట్లున్న పికప్‌లో తొట్టి పొడవు ఐదు అడుగులకు అటూ ఇటూగా ఉంటుంది. వెనుక తలుపు దించి, దానిపైకి పలక జరిపితేనే పెద్దవారు కాళ్లు చాపుకోగలరు. కుటుంబమంతా అందులో పట్టదు. ఇల్లాలు, చంటిపిల్లలు తొట్టిలో పడుకొంటే, తక్కినవారికి పక్కనే డేరా వేయాలి. మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలికి వెనక్కి వాల్చిన ముందు సీటే నయం.

నీళ్లు: సున్నత్ నేర్పిన కొలత

మహాప్రవక్త (స) ఒక ముద్దు నీటితో వుజూ, ఒక సా నీటితో స్నానం చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలియజేస్తున్నాయి. ముద్దు అంటే సుమారు ముప్పావు లీటరు, సా అంటే దానికి నాలుగింతలు. కుళాయి తిప్పి వుజూ చేసే మనకు ఈ కొలత ఇంట్లో ఒక సమాచారం మాత్రమే. క్యాను నీళ్లతో గడపవలసిన చోట అదే అవసరమవుతుంది.

నమాజు చదివేవారు నలుగురైతే, ఐదు పూటలకు, తలకు ముప్పావు లీటరు చొప్పున 15 లీటర్లు. ఐదుగురికి తాగడానికి 15. వంటకు, గిన్నెలకు 10. కాలకృత్యాలకు 15. మొత్తం 55 లీటర్లు. అంటే మూడు 20 లీటర్ల క్యాన్లు ఒక రోజుకు సరిపోతాయి. వుజూకు కుళాయి కన్నా కొలత తెలిసిన లోటా మేలు. నీరు నిజంగా దొరకని స్థితిలో తయమ్ముమ్‌కు దివ్యఖుర్ఆన్ అనుమతి ఇచ్చింది. కానీ ప్రణాళిక లేనందువల్ల నీళ్లు అయిపోకుండా చూసుకోవడం మన బాధ్యత.

మరుగుదొడ్డి ఏర్పాటును చివరికి వదిలేయకండి. మూత గల బకెట్ అమర్చిన మడత కమోడ్ కుర్చీ, దాని చుట్టూ నిలువుగా నిలిచే చిన్న డేరా, కొంత రంపపు పొట్టు ఉంటే చాలు. ఇల్లాలు దాహాన్ని అణచుకోకుండా ప్రయాణం చేయడానికి ఈ మొత్తం అమరికలో ముఖ్యమైన వస్తువు ఇదే. బకెట్‌ను తరువాత సరైన మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి. జనం నడిచే దారిలో, నీడ పట్టున మలమూత్ర విసర్జన చేయరాదని ప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మరువరాదు.

గాలి, నిప్పు

మూసిన తొట్టిలో ప్రాణాపాయం కంటికి కనిపించదు. చలికాలంలో వెచ్చదనానికని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకొంటే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. లీకైతే నేలమట్టాన పేరుకొంటుంది. అందుచేత వంట ఎప్పుడూ బయటే చేయాలి. 5 కిలోల చిన్న సిలిండరు చాలు. రాత్రి రెగ్యులేటరు తీసివేసి, సిలిండరును పడుకొనే చోటుకు దూరంగా ఉంచాలి. నిద్రకు ముందు నిప్పు ఆర్పివేయమని ప్రవక్త (స) ఆదేశించారు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ కాలిపోయిన సందర్భంలో ఈ మాట చెప్పారని హదీసుల్లో ఉంది. తొట్టికి రెండు వైపులా, ఒకటి కింద, ఒకటి పైన, దోమతెర బిగించిన గాలి దారులు తెరిచి ఉంచాలి.

కరెంటు అవసరం మనం అనుకొన్నంత ఉండదు. 25 వాట్ల ఫ్యాను 8 గంటలకు 200 వాట్-అవర్లు, దీపాలకు 50, ఫోన్లకు 60, అన్నీ కలిపి 310. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ 1,200 వాట్-అవర్లు నిల్వ చేస్తుంది. సగమే వాడుకొన్నా దాదాపు రెండు రాత్రులు గడుస్తాయి. తొట్టిపై రేకు కప్పు ఉంటే వేసవిలో మన జిల్లా ఎండకు లోపల పడుకోవడం అసాధ్యం. ఇటువంటి ప్రయాణానికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

మొదటి ప్రయాణం ఎక్కడికి?

మొదటిసారి దూరం వెళ్లవద్దు. నర్సంపేట మీదుగా పాకాల చెరువు వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. కాకతీయ గణపతిదేవుని కాలంలో తవ్విన ఈ చెరువు ఒక్క రోజు ప్రయాణానికి తగినది. ఏ వస్తువు మరచిపోయారో, ఏది బరువుకే పనికివచ్చిందో అక్కడే తెలిసిపోతుంది. రెండవసారి ములుగు దారిలో రామప్ప చెరువు, లక్నవరం చూడవచ్చు. అటుపై 163వ జాతీయ రహదారిలో ఏటూరునాగారం, గోదావరి దాటితే బొగత జలపాతం. రెండేళ్లకొకసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ఈ దారి కిక్కిరిసి ఉంటుంది. అప్పుడు మానుకోవాలి.

ఏటూరునాగారం, పాకాల రెండూ వన్యప్రాణి అభయారణ్యాలు. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం వేయరాదు. పర్యాటకశాఖ వసతి గృహాల ఆవరణ, తెలిసినవారి వాకిలి, లేదా మసీదు కమిటీ పెద్దలను అడిగి తీసుకొన్న చోటు సురక్షితం. రాత్రి మకాం వేసేటప్పుడు దారిని విడిచి పక్కకు తొలగమని, రాత్రివేళ జంతువులు, విషపురుగులు తిరిగేది దారిమీదనేనని ప్రవక్త (స) చెప్పిన మాట అడవి అంచున నిద్రించేవారికి ఎంత ఉపకరిస్తుందో చెప్పనక్కరలేదు.

హనఫీ పద్ధతిలో ప్రయాణికునిగా పరిగణించే దూరం సుమారు 77 కిలోమీటర్లు. అందుచేత పాకాల వెళ్లినవారు నమాజు పూర్తిగానే చదువుతారు. బొగత వెళ్లినవారు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా కుదిస్తారు. ఖిబ్లా మన ప్రాంతం నుంచి సూటిగా పడమర కాదు, సుమారు 12 డిగ్రీలు ఉత్తరం వైపుకు ఉంటుంది. దిక్సూచిని బండికి నాలుగడుగులు దూరంగా పట్టుకొని చూడండి. ఇనుప తొట్టి దగ్గర సూది తప్పు చూపిస్తుంది.

బయలుదేరే ముందు

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోమని హదీసు బోధిస్తోంది. ఆ అమీరు మొదట తేల్చవలసిన విషయం ఎక్కడ ఆగాలన్నది కాదు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది. “ఊరు దగ్గరే కదా, పిల్లలు వెనుక పరుపు మీద పడుకొంటారు” అనే మాట ప్రతి ఇంట్లోనూ ఒకసారి వినిపిస్తుంది. పిల్లలు మారాం చేస్తారు, చుట్టాలు నవ్వుతారు. అప్పుడు నిక్కచ్చిగా ‘కాదు’ అనగలిగినవాడే ఆ బండికి యజమాని కాదగినవాడు. సీట్లకు మించి మనుషులుంటే రెండవ బండి, లేదా బస్సు.

ప్రయాణం శ్రమలో ఒక భాగమని, పని ముగియగానే త్వరగా ఇంటివారి దగ్గరకు చేరుకోమని ప్రవక్త (స) చెప్పారు. ఇంటివారినే వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు ఆ శ్రమను వారికి తగ్గించడం మన విధి. తూచిన బరువు, కొలిచిన నీరు, తెరిచిన గాలిదారి, బెల్టు పెట్టుకొన్న పిల్లలు. ఇవి సమకూరిన తరువాత ప్రయాణ దుఆ చదివి, అల్లాహ్‌పై భారం వేసి బయలుదేరండి. ఒంటెను కట్టివేసి, ఆ తరువాతే అల్లాహ్‌ను నమ్ముకొమ్మన్న బోధ బండికీ వర్తిస్తుంది.