పుండుకు పట్టీ.. సముద్రపు నాచు!

బోధన్: చెరకు నరికేటప్పుడు కత్తి జారితే మన పల్లెల్లో ముందు చేతికందేది పసుపు. అది లేకుంటే కాఫీపొడి, ఆపైన పాత గుడ్డపేలిక. చిన్న గాయాలు ఎలాగో మానతాయి. చిక్కల్లా షుగరు జబ్బు ఉన్నవారి పాదాలతోనే. స్పర్శ తగ్గిన కాలికి చెరకు మోడు గుచ్చుకున్నా తెలియదు. తెలిసేసరికి చీము పడుతుంది. ఆలస్యమైతే వేలే తీసేయాల్సి వస్తుంది. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, చెరకు సాగు తగ్గింది. చక్కెర జబ్బు మాత్రం ఊరు విడవలేదు.

గాయం ఆరాలా, తడిగా ఉండాలా?

గాలికి ఆరనివ్వాలన్నది పెద్దల మాట. అయితే 1962లో జార్జ్ వింటర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పందులపై ప్రయోగాలు చేసి, కప్పి తడిగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో అల్లుకుంటుందని చూపారు. అలాగని రసి మడుగు కట్టినా చుట్టూ చర్మం నానిపోతుంది. ఎక్కువైన రసిని పీల్చుకొని, తడిని మాత్రం నిలిపే కట్టు కావాలి. అది సముద్రంలో దొరికింది.

రాళ్ళనంటి పెరిగే గోధుమరంగు నాచులో ఆల్జినేట్ అనే జిగురు ఉంటుంది. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్ 1881లో దీన్ని వెలికితీశారు. మన దేశంలో తమిళనాడులోని మండపం, రామేశ్వరం తీరాన ఈ నాచు దొరుకుతుంది. దీనికి నిజాంసాగర్ కాలువ నీళ్ళక్కరలేదు, యూరియా అక్కరలేదు. మొదలు వదిలి కోస్తే కార్శి చెరకులా మళ్ళీ చిగురిస్తుంది. పీకేస్తే అంతే సంగతులు.

ఆ జిగురును కాల్షియంతో కలిపి పోగులు తీసి, దూదిలాంటి పట్టీ చేస్తారు. పుండు రసిలోని సోడియం పట్టీలోకి చేరి, కాల్షియం బయటికి వస్తుంది. అప్పుడు పోగులు ఉబ్బి మెత్తని జిగురుముద్దవుతాయి. గాజుగుడ్డ ఎండి అతుక్కుంటే, కట్టు విప్పినప్పుడల్లా కొత్త కండ ఊడివస్తుంది. ఆ బాధ పడినవారికే తెలుసు! ఈ పట్టీని ఉప్పునీటి సెలైన్‌తో కడిగితే చాలు.

మందుకూ డ్రిప్పు పద్ధతి

ఆ పోగుల్లో వెండి వంటి క్రిమి సంహారకాన్ని చేరిస్తే, మడి నింపినట్టు ఒక్కసారిగా కాక, డ్రిప్పు గొట్టంలా కొద్దికొద్దిగా పుండుకు అందుతుంది. వెండి కలిపిన పట్టీలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు. దాన్నీ ఈ జిగురులో ఇమిడ్చి మెల్లగా విడుదల చేయించే ప్రయోగాలు సాగుతున్నాయి. నిజామాబాద్ పసుపు రైతుకు ఇది ఆసక్తి కలిగించే కబురే గాని, అది ఇంకా ప్రయోగశాల దాటి ఆసుపత్రి వార్డులకు మామూలుగా రాలేదు.

గాజుగుడ్డకన్నా ఈ పట్టీ ఖరీదు ఎక్కువ. షుగరు పుండ్లను మిగతా కట్లకన్నా ఇదే త్వరగా మానుస్తుందని కూడా పరీక్షల్లో తేలలేదు. రసి కారే పుండుకే ఇది పనికొస్తుంది, పొడి పుండుకు కాదు. ఏ పట్టీ వేసినా ఆ కాలిపై బరువు మోపకూడదు, షుగరు అదుపులో ఉండాలి. వేలు నల్లబడినా, వాసన వచ్చినా పట్టీల కోసం వెతకకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.