ఇరవై పాయింట్ల దగ్గర చెయ్యి ఎందుకు బిగుసుకుంటుంది?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఈ నెల వ్యాసానికి కారణం. ఆవిడ కూతురు బ్యాడ్మింటన్ ఆడుతుంది. స్కూలు అవగానే రోజూ అకాడమీకి వెళ్తుంది. "ప్రాక్టీసులో దాని షార్ట్ సర్వీసు చూడముచ్చటగా ఉంటుందండీ. నెట్ అంచుని రాసుకుంటూ వెళ్ళి గీత దగ్గరే పడుతుంది. టోర్నమెంటులో స్కోరు ఇరవై దగ్గరికి వచ్చేసరికి అదే సర్వీసు నెట్‌కి కొట్టుకుంటుంది, లేకపోతే గాల్లోకి లేచి అవతలి పిల్ల స్మాష్‌కి దొరికిపోతుంది. దీనికి ధైర్యం లేదు, ఏకాగ్రత లేదు అంటున్నారు కోచ్ గారు. ఏకాగ్రత పెంచే స్పోర్ట్స్ సైకాలజిస్టులు ఉంటారట కదా, వాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగారు.

అమ్మా, మీ అమ్మాయికి ఏకాగ్రత తగ్గలేదు, ఎక్కువైంది. దాన్ని పెట్టకూడని చోట పెడుతోంది. క్రీడా మనస్తత్వశాస్త్రం కనిపెట్టినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే కాబట్టి, మీ ఉత్తరానికి కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

ముందు చరిత్ర నాలుగు ముక్కల్లో. 1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ పందేల లెక్కలు తిరగేసి, ఒంటరిగా తొక్కేటప్పటికంటే పక్కన ఇంకొకరు ఉంటే మనిషి వేగంగా తొక్కుతాడని గమనించాడు. 1925లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ క్రీడల కోసమే ఒక పరిశోధనశాల పెట్టాడు. 1938లో చికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు యజమాని ఆయన్ని పిలిపించుకున్నాడు గానీ, జట్టు మేనేజర్‌కి ఆయన పొడ గిట్టలేదు. ఇప్పుడు పరిస్థితి మారింది. 2011 ప్రపంచకప్ గెలిచిన మన క్రికెట్ జట్టుతో మానసిక శిక్షకుడిగా ఉన్న ప్యాడీ అప్టన్, 2024లో చెన్నైలోని తెలుగింటి కుర్రాడు గుకేశ్ చదరంగంలో ప్రపంచ విజేత అయినప్పుడు అతనితోనూ పనిచేశాడు. లక్ష్యాలు పెట్టుకోవడం, ఆటని ముందే మనసులో ఆడి చూసుకోవడం, ఊపిరిని నెమ్మది చేసుకోవడం, తనతో తాను చెప్పుకునే మాటల్ని సరిదిద్దుకోవడం, ఇవన్నీ ఈ శాస్త్రం నేర్పే మామూలు పాఠాలు. ఇవి ఎక్కడైనా దొరుకుతాయి.

ఒత్తిడి గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ ఒక బొమ్మ ఉంటుంది. తలకిందులుగా పెట్టిన యు అక్షరంలాంటి గీత. ఉత్కంఠ తక్కువైతే ఆట పేలవంగా ఉంటుంది, మధ్యస్థంగా ఉంటే బ్రహ్మాండంగా ఉంటుంది, మితిమీరితే కుప్పకూలుతుంది అని దాని అర్థం. కింద యెర్కిస్, డాడ్సన్, 1908 అని రాసి ఉంటుంది. ఆ ఇద్దరూ 1908లో ప్రయోగం చేసింది ఎలుకల మీద. తెల్ల గదిలోకి వెళ్ళాలా, నల్ల గదిలోకి వెళ్ళాలా అన్నది వాటికి నేర్పుతూ, తప్పు గదిలోకి వెళ్తే కరెంటు షాక్ ఇచ్చారు. ఎంత గట్టి షాక్ ఇస్తే ఎంత త్వరగా నేర్చుకుంటాయన్నది వాళ్ళ ప్రశ్న. గదుల తేడా సులువుగా తెలిసిపోతుంటే షాక్ పెరిగేకొద్దీ త్వరగానే నేర్చుకున్నాయి. తేడా కష్టమైనప్పుడు మధ్యరకం షాక్ బాగా పనిచేసింది. అంతే. ఆటగాళ్ళు లేరు, ఉత్కంఠ లేదు, పోటీ లేదు. తర్వాతివాళ్ళు షాక్ అన్న చోట ఉత్కంఠ అనీ, నేర్చుకోవడం అన్న చోట ఆట అనీ రాసుకుంటూ పోయారు. ఆ గీత నిజమే అనుకున్నా, చెయ్యి ఎందుకు బిగుసుకుంటుందో అది చెప్పదు. మనకి కావలసింది ఆ 'ఎందుకు'.

ఏ పనైనా నేర్చుకునేటప్పుడు మొదట మాటలతో నేర్చుకుంటాం. రాకెట్ ఇలా పట్టుకో, షటిల్‌ని రెండు వేళ్ళతో ఈక దగ్గర పట్టుకో, మణికట్టు కొద్దిగా తోయి. వేలసార్లు చేశాక మాటలు రాలిపోతాయి. పని మెదడు లోతుల్లోకి, చిన్నమెదడు, బేసల్ గాంగ్లియా లాంటి భాగాల చేతుల్లోకి దిగిపోతుంది. ఇక అది ఒకే ప్రవాహంగా నడుస్తుంది. తెల్లవారుజామున ముగ్గు వేసే ఇల్లాలిని చూడండి. చుక్కల మధ్య మెలికలు తిరిగే గీత ఆవిడ వేళ్ళ సందుల్లోంచి జారుతూ పోతుంది. ఏ వేలు ఎప్పుడు ఎంత వదులుతోందో చూసుకుంటూ వెయ్యమంటే గీత అక్కడే ఒరిగిపోతుంది.

1984లో రాయ్ బౌమైస్టర్ సరిగ్గా ఈ మాటే అన్నాడు. పోటీలో ఒత్తిడి పెరగగానే మనిషి తన మీద తాను కన్నేస్తాడు. 'ఇది తప్పకూడదు' అనుకోగానే, ఎప్పుడో వదిలేసిన పగ్గాలు మళ్ళీ చేతిలోకి తీసుకుని పనిని ముక్కముక్కగా నడపడం మొదలుపెడతాడు. ముక్కలుగా నడిపితే అది మళ్ళీ మొదటిరోజు నేర్చుకున్నవాడి పనిలా తయారవుతుంది.

వినడానికి బాగుంది. ఇది నిజమని ఎలా తెలుస్తుంది? ఆట చెడినప్పుడు ఆటగాడి లోపలి చూపు ఎటు తిరిగిందో బయటివాళ్ళకి ఎలా కనిపిస్తుంది? అమెరికాలో రాబ్ గ్రే వేసిన ఎత్తు నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు. కాలేజీ బేస్‌బాల్ బ్యాటర్లని కంప్యూటరు సృష్టించిన బంతుల ముందు నిలబెట్టాడు. బ్యాట్ ఊపుతుండగా ఒక శబ్దం వస్తుంది. కొన్నిసార్లు ఆ శబ్దం స్థాయి హెచ్చా తగ్గా చెప్పాలి. కొన్నిసార్లు శబ్దం వచ్చిన క్షణంలో బ్యాట్ పైకి కదులుతోందా, కిందికి కదులుతోందా చెప్పాలి. శబ్దం గురించి చెప్పేటప్పుడు నిపుణుల ఆట చెక్కుచెదరలేదు. బ్యాట్ గురించి చెప్పమనగానే పాడైంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో ఇది తిరగబడింది. వాళ్ళకి శబ్దమే అడ్డమైంది, బ్యాట్ మీద ధ్యాస ఇబ్బంది పెట్టలేదు.

అసలు పట్టు ఇప్పుడు వస్తుంది. గ్రే నిపుణుల మీద ఒత్తిడి పెట్టాడు. అనుకున్నట్టే ఆట తగ్గింది. అదే సమయంలో బ్యాట్ ఎటు కదులుతోందన్న ప్రశ్నకి వాళ్ళ జవాబులు మెరుగయ్యాయి! పరధ్యానం వల్ల ఆట చెడి ఉంటే, బ్యాట్ కదలిక మామూలుకంటే బాగా తెలియడం ఎలా సాధ్యం? చూపు లోపలికి తిరిగిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఏకాగ్రత లేదని మనం తిట్టే ఆటగాడు ఆ క్షణంలో తన చేతిని అందరికంటే శ్రద్ధగా చూసుకుంటున్నాడు.

సయాన్ బైలాక్ బృందం 2002లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ చేత అడ్డుకొయ్యల మధ్య బంతి నడిపించి ఇంకో మెలిక చూపించింది. ఆరితేరినవాళ్ళు కుడికాలితో బంతి నడుపుతూ, పాదంలో ఏ భాగం బంతికి తగులుతోందో గమనిస్తే నెమ్మదించారు. అదే మనిషి అలవాటు లేని ఎడమకాలితో నడిపేటప్పుడు పాదాన్ని గమనించడమే మేలు చేసింది. అంటే ఒకే ఒంట్లో ఒక కాలు నిపుణుడు, ఇంకో కాలు విద్యార్థి. శ్రద్ధ ఒకదానికి మందు, రెండోదానికి విషం.

మరి శ్రద్ధ కండరాన్ని ఏం చేస్తుంది? దీనికి 1920లలో మాస్కోలో పనిచేసిన నికొలాయ్ బెర్న్‌స్టైన్ దగ్గరికి వెళ్ళాలి. ఆయన అనుభవం ఉన్న కమ్మరి సుత్తి దెబ్బల్ని వరసగా ఫొటోలు తీశాడు. సుత్తి ప్రతిసారీ ఒకే చోట పడుతోంది. భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ఏ రెండు దెబ్బల్లోనూ ఒకేలా కదలలేదు. భుజం కాస్త ముందుకు వస్తే మోచెయ్యి దాన్ని సర్దుతోంది, మోచెయ్యి తేడా వస్తే మణికట్టు సర్దుతోంది. నిపుణుడి కదలిక కచ్చితంగా ఉండేది కీళ్ళు ఒకదాన్నొకటి సవరించుకునే ఈ స్వేచ్ఛ వల్లే. 'మణికట్టు కదలకూడదు' అని మనసు ఆజ్ఞ వేస్తే ఆ స్వేచ్ఛ పోతుంది. భుజంలో వచ్చిన చిన్న తేడాని సర్దేవాళ్ళు లేక అది నేరుగా షటిల్‌కి చేరుతుంది.

నెదర్లాండ్స్‌లో పైపర్స్ బృందం ఎక్కడం కొత్తయిన మనుషుల్ని ఒకే రకం పట్టులున్న గోడ మీద, ఒకసారి నేలకి దగ్గరగా, ఒకసారి ఎత్తులో అడ్డంగా నడిపించింది. పని ఒకటే, ఎత్తు మాత్రమే వేరు. ఎత్తులో గుండె వేగం పెరిగింది, కండరాలు ఎక్కువ అలిసిపోయాయి, కదలిక తునకలు తునకలుగా మారింది. బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో వేసేవాళ్ళ చేతికి ఎలక్ట్రోడ్లు అతికించి చూసిన గాబ్రియేల్ వుల్ఫ్ బృందం 2005లో ఇంకా తేటగా చూపించింది. మణికట్టు కదలిక మీద ధ్యాస పెట్టినప్పుడు చేతి కండరాలు అక్కర్లేని పని ఎక్కువ చేశాయి, బంతులూ తప్పాయి. రింగు మీద ధ్యాస పెడితే కండరాలు సద్దుమణిగాయి, బంతులు ఎక్కువ పడ్డాయి.

ఇప్పుడు మన షార్ట్ సర్వీసు చూడండి. 2018 నుంచి అమలైన నిబంధన ప్రకారం షటిల్‌ని నేల నుంచి 1.15 మీటర్ల లోపే కొట్టాలి. నెట్ మధ్యలో 1.524 మీటర్ల ఎత్తుంటుంది. అంటే కింది నుంచి పైకి తోసి, నెట్ దాటగానే దిగేలా చెయ్యాలి. ఆ తోపు క్షణంలో ముగిసిపోతుంది. చేతి తప్పు కంటికి కనబడి, మెదడు దిద్దుబాటు పంపి, అది కండరానికి చేరేలోపు షటిల్ రాకెట్‌ని వదిలి వెళ్ళిపోయి ఉంటుంది. దీనికి తోడు ఆట నియమం ఒకటి బరువు పెంచింది. 2006కి ముందు సర్వీసు చేసేవాళ్ళకే పాయింట్లు వచ్చేవి. సర్వీసు పాడైతే సర్వీసు మాత్రమే పోయేది. ఇప్పుడు ప్రతి తప్పూ అవతలివాళ్ళకి పాయింటే. 20–20 దగ్గర నెట్‌లో పడ్డ షటిల్ అవతలివాళ్ళని గెలుపుకి ఒక్క అడుగు దూరంలో నిలబెడుతుంది.

ఒత్తిడిలో ఇలా చెయ్యి బిగుసుకుపోయి ఆట చెడటాన్ని చోకింగ్ అంటారు. దాన్ని లేని చోట కూడా చూసేవాళ్ళున్నారు. బౌమైస్టరే తొందరపడ్డాడు. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌ల్లో సొంతగడ్డ జట్లు ఎక్కువ ఓడిపోతాయని, అభిమానుల ఆశలే వాళ్ళని ముంచుతాయని 1984లో రాశాడు. 1995లో ఇతరులు కొత్త సంవత్సరాల ఫలితాలు కూడా కలిపి లెక్క వేస్తే ఆ తేడా నిలబడలేదు. మన పత్రికలు పి.వి. సింధు విషయంలో చేసింది ఇంకా పెద్ద తప్పు. 2018లో ఆమె వరుసగా ఫైనళ్ళు ఓడితే 'ఫైనల్ ఫోబియా' అని శీర్షికలు పెట్టాం. ఓడింది ఎవరి చేతిలో? సైనా, ఒకుహరా, మారిన్, తై జు యింగ్! తన స్థాయికి తగ్గట్టు ఆడి, ఆ రోజు తనకంటే బాగా ఆడినవాళ్ళ చేతిలో ఓడటం చోకింగ్ కాదు. ఆ ఏడాది డిసెంబరులోనే వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది. 2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అదే ఒకుహరాని 21–7, 21–7తో ఓడించింది. అసలైన ఉదాహరణ కావాలంటే 1993 వింబుల్డన్ ఫైనల్ చూడండి. యానా నొవోత్నా మూడో సెట్లో 4–1 ఆధిక్యంతో, గేమ్ పాయింట్ దగ్గర డబుల్ ఫాల్ట్ చేసింది. ఆ తర్వాత ఆమె చెయ్యి ఆమె మాట వినలేదు. స్టెఫీ గ్రాఫ్ సెట్టు 6–4తో గెలిచింది. 1998లో నొవోత్నా అదే కోర్టులో టైటిల్ గెలిచిందని కూడా ఇక్కడే చెప్పాలి.

ఇక కోచ్‌లతో నా పేచీ. 11 పాయింట్ల దగ్గర 60 సెకన్ల విరామం దొరుకుతుంది. ఆ నిమిషంలో మన కోచ్‌లు ఎంతమంది "మోచెయ్యి లేపు, మణికట్టు వదులు, కాలు ముందుకెయ్యి" అని గుక్కతిప్పుకోకుండా చెప్తారో ఏ జిల్లా టోర్నమెంటుకి వెళ్ళినా వినబడుతుంది. సరిగ్గా ఒత్తిడి పెరుగుతున్న వేళ పిల్లల చూపుని లోపలికి తిప్పే పని అది. ఆస్ట్రేలియాలో గుచ్చార్డీ, డిమాక్ 2008లో అనుభవజ్ఞులైన గోల్ఫర్లని టెక్నిక్ గురించిన మూడు మాటలు తలుచుకోమంటే ఆందోళనలో వాళ్ళ ఆట తగ్గింది. మొత్తం కదలికని ఒక్క మాటలో పట్టుకుంటే తగ్గలేదు. మీ అమ్మాయికి అలాంటి మాట ఒకటి చాలు, 'మెత్తగా' లాంటిది. అది తను ఎంచుకున్నదై ఉండాలి. చూపు నెట్ పట్టీ మీద ఒక బిందువు దగ్గర ఉండాలి, చెయ్యి సంగతి చెయ్యి చూసుకుంటుంది. తొందరపడకూడదు కూడా. నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్ ఫుట్‌బాల్ పెనాల్టీ షూటౌట్లు పరిశీలిస్తే, రిఫరీ విజిల్ వెయ్యగానే పరుగెత్తినవాళ్ళే ఎక్కువ తప్పారని తేలింది. జర్మనీలో బెక్‌మన్ బృందం 2013లో కుడిచేతి వాటం ఆటగాళ్ళని ఒత్తిడి వేళ ఆటకి ముందు ఎడమ చేతిలో మెత్తటి బంతి పిసకమంటే ఆట నిలబడింది. ఆ ప్రయోగాల్లో బ్యాడ్మింటన్ సర్వీసు కూడా ఉంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది సాధనలోనే ఒత్తిడి అలవాటు చెయ్యడం. నెదర్లాండ్స్‌లో రౌల్ ఔడెజన్స్, పోలీసు అధికారులకి అవతలి మనిషి కూడా రంగు గుళ్ళతో తిరిగి కాలుస్తుండగా తుపాకీ శిక్షణ ఇచ్చాడు. అట్ట బొమ్మల మీద కాల్చి నేర్చుకున్నవాళ్ళ గురి ఒత్తిడిలో చెదిరింది, వీళ్ళది నిలబడింది. షూటర్ అభినవ్ బింద్రా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి ముందు జర్మనీలో కమాండో తరహా శిక్షణలో ఎత్తైన స్తంభం ఎక్కాడు. ఫైనల్లో ఆఖరి గుండుకి ముందు అతనూ ఫిన్లండ్‌కి చెందిన హాకినెనూ సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కాల్చాడు, హాకినెన్ 9.7.

అకాడమీలు నడిపేవారికి ఒక విన్నపం. సైకాలజిస్టుని టోర్నమెంటుకి వారం ముందు పిలిచి ఉపన్యాసం ఇప్పించడం ఆపండి. దానివల్ల పిల్లలకి తమలో ఏదో లోపం ఉందన్న అనుమానం పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. రోజూ సాధన చివర పది నిమిషాలు స్కోరు 20–20 అని పెట్టి, మిగతా పిల్లలందర్నీ కోర్టు చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కొక్కరిచేత ఒక్కటంటే ఒక్క సర్వీసు చేయించండి. రెండో అవకాశం ఇవ్వకండి. సర్వీసు తప్పితే టెక్నిక్ గురించి అప్పుడు ఒక్క మాటా అనకండి. దిద్దాల్సింది ఉంటే మర్నాడు పొద్దున, స్కోరు లేనప్పుడు దిద్దండి.