దెబ్బతిన్న మెదడు దారులు వెతుక్కుంటుంది

"పక్షవాతం వచ్చిందా, ఇక మంచమే గతి" అన్న మాట మన ఊళ్ళల్లో తరచు వింటుంటాం. చాలాకాలం వైద్యశాస్త్రం నమ్మినదీ ఇంచుమించు ఇదే. పెద్దవాళ్ళ మెదడులో చచ్చిన నాడీకణాలు తిరిగి బతకవు, అది నిజమే. మరి పడిపోయిన చెయ్యి కొందరిలో మళ్ళీ ఎలా లేస్తోంది?

1959లో పెద్రో బాక్-ఇ-రీతా అనే కవి, న్యూయార్కు సిటీ కాలేజీ అధ్యాపకుడు, పక్షవాతంతో కూలిపోయాడు. వైద్యవిద్యార్థి అయిన కొడుకు జార్జి ఆయన్ని మెక్సికో తీసుకెళ్ళి, పసిబిడ్డకు నేర్పినట్లే ముందు పాకించి, ఆ తర్వాత నడిపించాడు. గోలీలాడించాడు, గిన్నెలు తోమించాడు. తండ్రి మళ్ళీ పాఠాలు చెప్పాడు, కొండలు కూడా ఎక్కాడు! 1965లో కొలంబియాలో కొండల్లో ఉండగా గుండెపోటుతో మరణించాడు. శవపరీక్షలో చూస్తే, మెదడు నుంచి వెన్నుపాముకు వెళ్ళే నాడులు చాలావరకు నశించే ఉన్నాయి. గాయం మానలేదు, పని మాత్రం తిరిగి వచ్చింది.

వరదకు కల్వర్టు కొట్టుకుపోతే బస్సు చుట్టుదారిన పోతుంది కదా! మెదడు చేసేదీ అదే. మొదటి రోజుల్లో వాపు తగ్గి, స్తంభించిన భాగాలు తేరుకుంటాయి. తర్వాత గాయం చుట్టుపక్కల మిగిలిన కణాలు కొత్త కొమ్మలు వేసి, కొత్త సంబంధాలు కలుపుకుంటాయి. పక్క భాగాలు పోయిన పనిని కొంతవరకు నెత్తినేసుకుంటాయి. అయితే ఏ దారిలో రాకపోకలుంటే ఆ దారే నిలుస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. చెయ్యి కదలకపోతే రోగి దాన్ని వదిలేసి రెండో చేత్తోనే నెట్టుకొస్తాడు. వాడకపోవడమే అలవాటైపోతుంది. దీన్ని గుర్తించిన ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రజ్ఞుడు మంచి చేతికి తొడుగు వేసి, చచ్చుబడ్డ చేతితోనే పని చేయించాడు. ఈ పద్ధతిని అమెరికాలో 222 మంది మీద పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. రెండు వారాల సాధనతో వచ్చిన మేలు ఏడాది తర్వాతా నిలిచింది. కాని చేతిలో కాస్తయినా కదలిక మిగిలినవారికే ఇది పనికివస్తుంది.

అందరూ పూర్తిగా కోలుకుంటారని కాదు. గాయం పెద్దదైతే ఆశ తగ్గుతుంది. మొదటి మూడు నెలల్లో వేగం ఎక్కువ. ఆ తర్వాత మందగిస్తుందే గాని ఆగిపోదు. మనమేమో పసరుమందు కోసం ఊళ్ళు తిరిగి ఆ నెలలు కాస్తా పోగొట్టుకుంటాం. ఇంటికొచ్చాక ప్రేమకొద్దీ అన్నం కలిపి నోట్లో పెడతాం. మంచి మనసే, కాని డాక్టరు సరేనన్నాక ఆ ముద్ద ఆయన్నే కలుపుకోనివ్వండి. మెతుకులు కింద పడితే పడనీయండి, ఊడ్చుకోవచ్చు.