కోయ పడిగె

కోయ పడిగె గోదావరి తీరపు అడవులలో నివసించే కోయల ఇలవేల్పుకు చిహ్నమైన త్రికోణాకారపు వస్త్రపతాకం. దీనిపై వంశపు మూలపురుషుల, వేల్పుల, జంతువుల రూపాలుంటాయి. పూర్వపు ఖమ్మం, వరంగల్ జిల్లాల అటవీ ప్రాంతాలలో, ముఖ్యంగా భద్రాచలం, మణుగూరు, ఏటూరునాగారం పరిసరాలలో ఈ సంప్రదాయం ఉన్నది. కోయభాష గోండికి దగ్గరి ద్రావిడ భాష. కోయల వంశచరిత్రలు వ్రాతలో కాక పాటలో నిలిచాయి. ఆ పాటకు తోడుగా నిలిచినది పడిగె.

స్వరూపం

పడిగె కర్ర వైపు వెడల్పుగా ఉండి, చివరకు పోనుపోను సన్నబడుతుంది. దీనిపై రూపాలను రెండు విధాలుగా నిలుపుతారు. మొదటిది రంగులతో చిత్రించడం. రెండవది రంగుబట్టలను బొమ్మల ఆకారంలో కత్తిరించి మూలవస్త్రంపై కుట్టడం. కుట్టుపనిలో వెలుగునీడలను, ముఖకవళికలను చూపడం కష్టం. అందువలన రూపం ప్రధానంగా దాని అంచుల ద్వారానే తెలుస్తుంది. పతాకాన్ని వెదురు కర్రకు కట్టి కొలుపులలో, జాతరలలో ఊరేగిస్తారు.

గట్టు, వంశజ్ఞాపకం

కోయ సమాజం మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు మొదలైన విభాగాలుగా ఉన్నది. ఒకే గట్టువారు అన్నదమ్ముల వరుస కనుక వారి మధ్య వివాహం నిషిద్ధం. కాబట్టి తన గట్టు ఏదో, తన వేల్పు ఎవరో తెలిసి ఉండడం ప్రతి కుటుంబానికీ అవసరం. పడిగె ఈ విధంగా పూజావస్తువు మాత్రమే కాదు, బంధుత్వానికి సాక్ష్యం కూడా.

వేల్పు శరీరంగా పడిగె

పడిగెను వేల్పు బొమ్మగా కాక వేల్పుగానే భావిస్తారు. రెండేళ్లకొకసారి జరిగే మేడారం జాతర ఇందుకు ఉదాహరణ. సమ్మక్కను చిలుకలగుట్ట నుండి కుంకుమభరిణ రూపంలో తెస్తారు. ఆమె భర్త పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుండి పడిగె రూపంలో కాలినడకన తీసుకువస్తారు. దేహం లేని పూర్వీకుడికి ఇక్కడ వస్త్రమే దేహమవుతుంది.

మరణించినవారిని చిత్రంలో నిలిపే ఆచారం ఇతర దేశాలలోనూ ఉండేది. ఈజిప్టులోని ఫయూం ప్రాంతంలో క్రీ.శ. 1-3 శతాబ్దాలలో చనిపోయినవారి ముఖాలను పలకలపై చిత్రించి మమ్మీల మీద అమర్చేవారు. వీటిలో చాలావాటిని వేడిచేసిన తేనెమైనంలో రంగులు కలిపి వేశారు. అక్కడ మైనపు చిత్రం ఒక వ్యక్తి పోలికను నిలిపింది. పడిగెలో వ్యక్తి పోలిక ప్రధానం కాదు; ఆ రూపం ఎవరిదో పాట చెబుతుంది.

డోలి కథకులు

వంశకథలను గానం చేసేవారు డోలి కోయలు. డోలు, కంచుతాళం వంటి వాద్యాలతో వీరు ఇలవేల్పుల కథలు పాడతారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య వీరిలో ప్రసిద్ధుడు. కంచుమేళం కళాకారుడైన ఆయన సమ్మక్క-సారలమ్మ కథను, ఇతర వీరగాథలను కోయ, తెలుగు భాషలలో పాడేవారు. 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024లో మరణించారు.

పరిరక్షణ

బట్టపై చేసిన పని కావడంతో పడిగె చెమ్మకు, పురుగుకు, ఎండకు త్వరగా దెబ్బతింటుంది. అయితే అంతకంటె పెద్ద నష్టం పాట తెలిసినవారు తగ్గిపోవడం. 2014లో పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను (కొన్నింటిని పాక్షికంగా) ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ముంపు గ్రామం కదిలినపుడు పడిగెను వెంట తీసుకుపోవచ్చును. కథలో పేర్కొన్న గుట్టను, వాగును తీసుకుపోవడం సాధ్యం కాదు.

పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు ఆదివాసుల కళావస్తువులను సేకరించి, 2019లో హైదరాబాదులో ఆద్యకళ పేరుతో ప్రదర్శించారు. ఇటువంటి సేకరణ వలన వస్త్రం మిగులుతుంది. పాటను కూడా ధ్వనిముద్రణ చేసి, ఏ రూపం ఎవరిదో కథకుని చేత చెప్పించి నమోదు చేసినపుడే పడిగె వంశచరిత్రగా మిగులుతుంది. లేనిచో అది రంగుల బట్టగానే కనిపిస్తుంది.