కపిహృదయము, జపాను బాలకథ: ఒక వారసత్వ విచారము

తులనాత్మక కథాపరిశోధన పేరిట వెలువడు వ్యాసములలో ఒక తీర్పు తరచుగా కానవచ్చును. పరదేశపు పిల్లల కథ నొకదానిని గ్రహించి, అందు మన పురాణమునకో పంచతంత్రమునకో పోలిన అంశము నొకదానిని చూపి, దీనికి మూలము మన వాఙ్మయమే యని ముగించుట ఆ తీర్పు. జపాను దేశపు బాలకథలు ఇట్టి తీర్పునకు మిక్కిలి అనుకూలములు. సముద్రగర్భమున రాజభవనము, మాటలాడు జంతువులు, ఉపకారికి ప్రత్యుపకారము - ఇవన్నియు మన చెవికి పరిచితములే. కాని పోలిక వేఱు, వారసత్వము వేఱు. పోలిక కంటికి కనబడునది. వారసత్వము గ్రంథసాక్ష్యముచేత నిలువవలసినది. ఈ భేదమును రెండు కథలయందు చూపుట నా ఉద్దేశము. ఒకటి కోతి కాలేయపు కథ, రెండవది ఉరషిమా అను జాలరి కథ. మొదటిది నిస్సందేహముగా మనది. రెండవది మనదని చెప్పుటకు ఆధారము లేదు.

ముందుగా మన చేతికి వచ్చు గ్రంథము లెట్టివో తెలిసికొనవలెను. ఆంగ్లమున జపాను కథలను చదువు మనవారికి పరిచితమైనది యేయి థియొడోరా ఒజాకి 1903లో ప్రకటించిన సంపుటి. ఆమె తండ్రి జపానీయుడు, తల్లి ఆంగ్లవనిత. ఆమెకు ఆధారము ఇవాయ సజనామి 1894 నుండి 1896 వరకు 24 భాగములుగా వెలువరించిన 'నిహోన్ ముకాషిబనాషి'. ఇవాయ పిల్లలకొఱకే వ్రాసినవాడు, ఆధునిక జపాను బాలసాహిత్యమునకు ఆద్యులలో ఒకడు. తాను మాటకు మాట తర్జుమా చేయలేదనియు, పాశ్చాత్య బాలుర అభిరుచి నెఱిగి అక్కడక్కడ వర్ణనలు చేర్చితిననియు ఒజాకి తన పీఠికలో దాపరికము లేక చెప్పినది. అంతకు ముందే, 1885 మొదలు, హసెగావా తకెజిరో ముడుతల కాగితముపై రంగుబొమ్మలతో ఆంగ్లమున చిన్న పొత్తములు ముద్రించినాడు. బేసిల్ హాల్ చేంబర్లేన్ వంటి పండితులు వానికి అనువాదకులు. ఇవన్నియు చక్కని పుస్తకములే. కాని పరిశోధకుడు వీనిని ప్రాచీన పాఠములుగా భావింపరాదు. ఇవి పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున కూర్చిన పాఠములు.

బాలపాఠము కథను ఎంతగా మార్పగలదో మొమొతారో కథయే సాక్షి. పీచు పండునుండి పుట్టిన వీరబాలుడు కుక్కను, కోతిని, వెలిచకోడిని తోడు తీసికొని రాక్షసద్వీపమును జయించిన కథ యిది. ఎదో యుగపు పాత బొమ్మల పుస్తకములు పెక్కింటిలో బాలుడు పండునుండి పుట్టడు. వృద్ధదంపతులు ఆ పండు తిని మరల యౌవనము పొందుదురు, వారికి యథావిధిగా కొడుకు పుట్టును. 1887 నాటి పాఠ్యపుస్తకము మొదలుకొని బడిపుస్తకములలో పండు చీలి బిడ్డ వెలువడుటయే స్థిరపడినది. అయోనిజజన్మ యని దీనిని మన పురాణములతో ముడిపెట్టబోవువారు ఈ తేదీని గమనింపవలెను.

ఇక కోతి కథ. ఒజాకి పాఠమున సముద్రరాజు భార్యకు జబ్బు చేయును. కోతి కాలేయమే మందని వైద్యుడు చెప్పును. జెల్లీ చేపకు ఆ కాలమున ఎముకలుండెను. అది దూతగా పోయి కోతిని వీపుపై ఎక్కించుకొని వచ్చుచు, దారిలో రహస్యమును తానే బయటపెట్టును. కోతి, కాలేయమును చెట్టుకొమ్మకు తగిలించి మఱచి వచ్చితినని చెప్పి ఒడ్డు చేరి తప్పించుకొనును. రాజు కోపించి జెల్లీ చేప ఎముకలు లేకుండ కొట్టించును. నాటినుండి దానికి ఎముకలు లేవు. జనపదములలో చెప్పు మఱియొక రూపమున దూత తాబేలు, జెల్లీ చేప ద్వారపాలకుడు, రహస్యమును జాఱవిడుచునది అతడే.

పంచతంత్రమును పాఠశాలలో చదివినవారికి లబ్ధప్రణాశమున రక్తముఖ కరాలముఖుల కథ వెంటనే స్ఫురించును. కాని జపాను కథకు పంచతంత్రము సాక్షాత్తుగా మూలము కాదు. ఎట్లన, పంచతంత్రమున మకరికీ వానరమునకూ నేరేడుపండ్లవలన చిరకాల మైత్రి కలదు. మకరి భార్య కోరికకు కారణము అసూయ: తన భర్త చెలిమి చేయునది ఆడుకోతియేమో యని ఆమె శంక. వానరము తన హృదయమును దాచితినని చెప్పినది నేరేడుచెట్టు తొఱ్ఱలో. జపాను కథలో మైత్రి లేదు, అసూయ లేదు, తొఱ్ఱ లేదు. హృదయమునకు బదులు కాలేయము, అదియు కొమ్మకు వ్రేలాడుచున్నది.

ఇప్పుడు పాలి జాతకములలో 208వదైన సుంసుమార జాతకమును చూడవలెను. గంగలోని మొసలి భార్యకు బోధిసత్త్వుడైన కోతి హృదయముపై దోహదము పుట్టును. మొసలి ఆవలి ఒడ్డున పండ్లున్నవని ఆశచూపి కోతిని వీపుపై ఎక్కించుకొనును. కొమ్మలపై గంతులు వేయు మావంటివారికి హృదయము లోపలనుండిన చూర్ణమై పోవునని కోతి చెప్పి, గుత్తులుగా పండిన మేడిచెట్టును చూపి, అదిగో మా హృదయములు వ్రేలాడుచున్నవనును. మేడిపండు ఎఱ్ఱదనమును, వ్రేలాడుటను ఎఱిగిన దేశమున మాత్రమే పుట్టదగిన యుక్తి యిది. నేరేడు తొఱ్ఱకంటె ఇదియే అందమైనదని నా అభిప్రాయము.

బౌద్ధగ్రంథముల అనువాదములద్వారా ఈ కథ చీనాకు పోయినది. క్రీ.శ. 285లో ధర్మరక్షుడు అనువదించిన కథాసంపుటిలో ఇది కలదు. అక్కడ తాబేటి భార్య అసూయచే జబ్బు నటించును, అడుగునది కోతి కాలేయము. ఆఱవ శతాబ్దాంతమున గాంధారదేశీయుడైన జ్ఞానగుప్తుడు అనువదించిన బుద్ధచరిత సంకలనమున వేఱొక శాఖ కలదు. అందు సముద్రప్రాణి భార్య గర్భిణి, కోరినది హృదయము, కోతి దానిని విడిచి వచ్చితినన్నది మేడిచెట్టుపై. సంస్కృత ఉదుంబర శబ్దమే చీనాలిపిలో ధ్వనించుచున్నది. అనగా అసూయాశాఖ, దోహదశాఖ రెండును చీనాకు చేరినవి.

జపానున పండ్రెండవ శతాబ్దపు పూర్వార్ధమున కూర్పబడినదని చెప్పు 'కొంజకు మొనొగతారిషూ'లో 31 సంపుటములు. అందు మొదటి 5 సంపుటములు భారతదేశ కథలకే కేటాయింపబడినవి. ఐదవ సంపుటమున 25వ కథ తాబేలు కోతిచే మోసపోయిన కథ. తాబేటి భార్య గర్భిణి. కాని ఆమెది కేవలము కోరిక కాదు: కడుపులో వ్యాధి యున్నది, ప్రసవము కష్టమగును, కోతి కాలేయము దానికి మందు అని ఆమె చెప్పును. తాబేలు జాతకమునందువలెనే పండ్ల ఆశ చూపును. కోతి కాలేయమును చెట్టుకొమ్మకు తగిలించితిననును. 1283లో ముజూ అను భిక్షువు ముగించిన 'షసెకిషూ'లోను గర్భిణీభార్యయే కలదు.

మన శాస్త్రపరిచయము గల పాఠకుడు ఇక్కడ కొంచెము నిలువవలెను. సుశ్రుతుని శారీరస్థానము ప్రకారము నాలుగవ మాసమున గర్భస్థశిశువు హృదయము వ్యక్తమగును. అప్పుడు తల్లి రెండు హృదయములు కలది, కావున దౌహృదిని. ఆమె కోరిక తీర్పకున్న శిశువునకు వైకల్యము కలుగును. సుదక్షిణ మట్టి రుచి మరగుటయు, సీత తపోవనములను చూడగోరుటయు కాళిదాసు ఈ నమ్మకముపైననే నిలిపినాడు. కావున జాతకమున మొసలి మూర్ఖుడు మాత్రమే కాదు, తప్పించుకొనరాని ధర్మమునకు లోబడిన భర్త. రెండు హృదయములు గల స్త్రీ మూడవ హృదయమును కోరినది! ఈ చమత్కారమును కథకుడు ఉద్దేశించెనో లేదో చెప్పజాలము గాని, హృదయశబ్దము నిలిచినంతవఱకు అది కథలో ఉండును. కాలేయము వచ్చినంతనే పోవును.

ఆ మార్పు జపానులో జరిగినది కాదు. ధర్మరక్షుని పాఠమునందే కాలేయమున్నది గదా. జపాను భాషలో 'కిమో' యను మాటకు కాలేయము, ధైర్యము రెండును అర్థములు. మనము గుండె గలవాడన్నచోట వారు కిమో గలవాడందురు. కావున మార్పు అక్కడ సులభముగా నిలిచినది. దోహదమనెడి శాస్త్రీయ భావన లేనిచోట గర్భిణి కోరికకు వేఱు కారణము కావలసివచ్చినది. అందుచేత కష్టప్రసవము, మందు. తరువాతి కాలమున పిల్లల పుస్తకమున గర్భమును జాఱిపోయి వట్టి జబ్బు మిగిలినది. కోరిక, ఔషధము, వ్యాధి - ఇట్లు మూడు మెట్లు.

చివరి మెట్టును బాలసాహిత్యకారుని సంకోచమునకే ఆరోపించుట పాడి కాదు. 1145 నాటి కొరియా చరిత్రగ్రంథము 'సంగుక్ సాగి'లో, ఒక రాజనీతి సందర్భమున చెప్పబడిన ఉపాఖ్యానము కలదు. అందు తూర్పుసముద్ర నాగరాజు కుమార్తెకు జబ్బు, మందు కుందేలు కాలేయము, దూత తాబేలు. ఆ కన్య వ్యాధి హృదయమునకు సంబంధించినది. మన కథలో ఆహారముగా కోరబడిన హృదయము అక్కడ వ్యాధిస్థానమై మిగిలినది! రాజగృహమున వ్యాధి యను అంశము ఇట్లు బాలకథలకు ఏడువందల యేండ్లకు పూర్వమే ఉన్నది.

జెల్లీ చేప మాత్రము భారతీయ పాఠములలో లేదు. దీనిని మూలభ్రంశమని నిందించువారితో నేను ఏకీభవింపను. జాతకము మొసలిని దేవదత్తునిగా, దాని భార్యను చించా మాణవికగా సమన్వయించి ముగించినది. విష్ణుశర్మ అమరశక్తి కుమారులకు చేతికి వచ్చినది పోగొట్టుకొనుట యెట్లో చూపి ముగించినాడు. జపాను కథకుడు తన తీరమున నిత్యము కనబడు ఎముకలేని ప్రాణిని చూపి ముగించినాడు. పిల్లలకు కథ చెప్పువాడు కథను తన ఊరి ఒడ్డున దింపవలెను గదా. ఆ రాజకుమారులును పిల్లలే.

మనదని నిరూపితమైనదెల్ల పిల్లల పుస్తకమున చేరదనుటకు ఋశ్యశృంగోపాఖ్యానము నిదర్శనము. కుమారజీవుడు ఐదవ శతాబ్దారంభమున అనువదించిన గ్రంథముద్వారా అది జపాను చేరి, అదే కొంజకు ఐదవ సంపుటమున ఏకశృంగ మహర్షి కథగా నిలిచి, అటుపై నో నాటకమై, కబుకి రంగస్థలమున 'నరుకామి'యై వెలసినది. విషయము శృంగారమగుటచే బాలకథాసంపుటములలో దానికి చోటు దొరకలేదు.

ఇక ఉరషిమా. నేటి బాలపాఠమిది. పిల్లలు ఒక తాబేటిని హింసించుచుండగా జాలరి విడిపించును. అది అతనిని వీపుపై సముద్రరాజు భవనమునకు గొనిపోవును. అక్కడ కొన్నాళ్లు సుఖముండి, తెఱవరాదను నియమముతో ఇచ్చిన పెట్టెను తీసికొని ఇల్లు చేరునప్పటికి వందల యేండ్లు గడచి యుండును. పెట్టె తెఱవగనే వృద్ధుడగును. దీనిని చదివిన మనవారికి భాగవత నవమస్కంధమున కకుద్మి వృత్తాంతము తోచుట సహజము. రేవతికి వరుని అడుగుటకు బ్రహ్మలోకమునకు పోయిన రాజు గంధర్వగానము ముగియువఱకు నిలిచినంతలో భూమిపై 27 చతుర్యుగములు గడచినవి. ప్రాణిదయ, నాగభవనము, కాలవైషమ్యము - మూడును మనవే కదా యని వాదము.

పాఠములను వెనుకకు చదివినచో ఈ వాదము నిలువదు. 720లో ముగిసిన 'నిహోన్ షోకి'లో ఉరషిమా తానే పెద్ద తాబేటిని పట్టును, అది స్త్రీగా మారును. ఇద్దఱును సముద్రముపై పోయి చేరినది హోరై. అది చీనావారి సిద్ధపురుషుల ద్వీపము. తాంగో ప్రాంతపు ప్రాచీన వర్ణనమునను అంతే. అక్కడ మూడేండ్లు, ఇక్కడ మూడువందల యేండ్లు. 'మన్యోషూ'లోని కావ్యమున తాబేలే లేదు, సముద్రదేవుని కుమార్తె ఎదురగును. తాబేటిని విడిచిపెట్టుట, నాగభవనపు పేరు, రెండును మధ్యయుగపు 'ఒతోగిజోషి' కథలో చేరినవి. అందును విడిచినవాడు దానిని పట్టినవాడే. పెట్టె తెఱచిన పిదప అతడు కొంగయై ఎగిరిపోవును. హింసించు బాలురు ఇంకను తరువాతివారు, ఆధునిక బాలపాఠమున స్థిరపడినవారు. ఆ పాఠముననే కన్యతోడి దాంపత్యము తొలగి, వట్టి ఆతిథ్యము మిగిలినది.

అనగా మన పరిశోధకుడు ప్రాచీనమని పట్టుకొన్న జీవకారుణ్యము, నాగభవనము, రెండును పైపొరలు. నాగభవనమునందు మన పాలు కొంత కలదు. బౌద్ధానువాదకులు నాగశబ్దమును చీనావారి 'లుంగ్' అను సర్పాకృతి గల జలదేవత పేరితో తర్జుమా చేసినారు. సద్ధర్మపుండరీకమున వినబడు సాగర నాగరాజు ఆ మార్గముననే జపాను సముద్రమున నివాసమేర్పఱచుకొన్నాడు. భవనము పేరు మననుండి పోయినది, దానికి అతిథిగా వచ్చిన జాలరి అప్పటికే వందల యేండ్లుగా ఆ తీరమున ఉన్నాడు. కాలవైషమ్యమొకటి మిగిలినది గాని, దానిని కకుద్మితో ముడివేయు మధ్యగ్రంథ మేదియు చూపబడలేదు. పైగా కకుద్మి వృద్ధుడు కాలేదు, అతని చేతిలో పెట్టె లేదు, నియమభంగము లేదు. విష్ణుపురాణమున బలరాముడు రేవతి పొడవును నాగలికొనతో తగ్గించుకొనవలసివచ్చెను. అక్కడ యుగములు మాఱి మనుష్యులు పొట్టివారైనారు గాని, వెళ్లివచ్చినవారికి ముదిమి రాలేదు. ఉరషిమా కథకు ప్రాణమైన ఆ పెట్టె మన కథలో ఎక్కడను లేదు.